ఖాళీ కుర్చీలకు చెప్పిన మాట

మదనపల్లె చివర ఉన్న ఆ పోలీసు స్టేషన్ పరిధిలో మనిషి పన్నెండు గంటలకు మించి తప్పిపోయిన దాఖలా లేదు. పరిధి దాటాలంటే మేకలు కూడా పర్మిషన్ అడుగుతాయి. స్టేషన్ రైటర్ రాజగోపాల్ ఈ మాట టీకొట్టు దగ్గర రోజుకు మూడుసార్లు చెప్తాడు.

శనివారం ఉదయం 7:40కి రాజేశ్వరమ్మ స్టేషన్ మెట్లెక్కింది. ఆమె భర్త ముద్దుకృష్ణ కనబడక అప్పటికి పదమూడు గంటలు.

రికార్డు పోయింది.

ముద్దుకృష్ణ టమాటా రైతుల సంఘం అధ్యక్షుడు. అరవై రెండేళ్ళు. మైకు పట్టుకుంటే వదలడు. ఒకసారి మదనపల్లెలో మొదలుపెట్టిన వాక్యం పుంగనూరు సభలో ముగించాడని చెప్పుకుంటారు. మధ్యలో భోజనం చేసి వచ్చినవాళ్ళకు కూడా ఏమీ తప్పిపోలేదట. పోయి, చూసి, అడిగి, తిట్టి అంటూ మాటకు మాట కలుపుకుంటూ పోతాడే తప్ప ఆగడు. చప్పట్లు కొట్టాలంటే జనమే సందు వెతుక్కోవాలి.

సోమవారం పుంగనూరులో ఆయన సభ. చెరువుకు నీళ్ళొచ్చే వంకను పూడ్చి, దాని మీద బిల్డింగు లేపింది ఎవరో అక్కడ పేరు చెప్తానని నెలరోజులుగా అంటున్నాడు. ఆ పేరు భార్యకు కూడా చెప్పలేదు.

ఎస్సై రెజీనా కుర్చీ జరిపింది.

"కడాకు ఎప్పుడు చూసినావమ్మా?"

"నిన్న సాయంత్రం అయిదుకు. సభ గ్రౌండు సూసొస్తానని శరత్ బాబుతో కారెక్కినాడు."

"శరత్ బాబు ఎవరు?"

"పీఏ. నాలుగేండ్లుగా ఉండాడు. ఆరూ నలభైకి పుంగనూరు బస్టాండు కాడ దింపినా అంటాండాడు. ఇంకెవురో కారులో వస్తారు, నువ్వు ఇంటికి పో అన్యాడంట."

"ఎవరొస్తారని చెప్పలేదా?"

"ఆయన చెప్పడం మొదలుపెడితే వీడు తెల్లారిందాకా ఆడే ఉండల్ల. వచ్చేసినాడు."

"శత్రువులు?"

"దేవేంద్ర. రెండో సంఘమాయన. వాడి నోరు మూయిస్తా అని మార్కెట్లో అందరి ముందరా అన్యాడు."

రాజేశ్వరమ్మ ఒళ్ళోంచి ఒక చిన్న ఫ్లాస్కు తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల ఐసు ముక్కలు. వాటి మధ్య ఇన్సులిన్ పెన్ను.

"రాత్రిది తప్పింది. పొద్దుటిది తప్పింది. పోయినేడు రెండు తప్పినందుకే మూడు దినాలు తెలివి లేకుండా పడుండాడమ్మా. ఈసారి సాయంత్రం దాటితే నాకు దక్కడు."

రెజీనా ఫ్లాస్కు తీసుకుంది. మూత గట్టిగా బిగించింది.

"మరి ఈ ఆడియో?"

అదీ అసలు చిక్కు. ఉదయం 6:05కి ముద్దుకృష్ణ ఫోన్ నుంచే సంఘం గ్రూపులోకి ఒక ఆడియో వచ్చింది. ఇరవై ఆరు సెకన్లు. ఫోన్ నాలుగు నిమిషాలు ఆన్‌లో ఉంది. పుంగనూరు టవర్. మళ్ళీ ఆఫ్.

రెజీనా ప్లే చేసింది.

"నేను పోతాండా. పోతాండా గానీ, ఎవురి మీదా కోపం లేదు. కోపం లేదు గానీ, మనసు ఇరిగిపోయింది. ఇరిగిపోయింది కాబట్టి, నన్ను ఎతకద్దండి. ఎతకద్దండి, సోమవారం ఎవురూ రావద్దండి."

గొంతు ఆయనదే. వెనక సన్నగా ఏదో చిటపట.

"యాడో టిఫిను చేస్తాండారు," అంది రాజేశ్వరమ్మ. "దోసె కాలే చప్పుడు అది."

ఆ ఆడియో అక్కడితో ఆగలేదు. 6:12కి ఎవరో దానికి "పోలీసులు కన్ఫర్మ్ చేసినారు, వెతకడం ఆపండి" అని తగిలించి ఊరి గ్రూపులన్నిటికీ వదిలారు. తెల్లవారుజామునే బైకుల మీద వెతకడానికి బయల్దేరిన సంఘం కుర్రాళ్ళు చౌడేపల్లెలో, సోమలలో, వీకోటలో ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయి ఇళ్ళకు తిరిగారు.

"ఏ పోలీసు కన్ఫర్మ్ చేసినాడు?" అంది రెజీనా.

రాజగోపాల్ ఫైల్లోంచి తలెత్తలేదు.

"ఫార్వర్డులు మేడమ్. మొదలు యాడుందో దేవుడికే తెలియల్ల."

సీఐ గారు ఆడియో రెండుసార్లు విన్నారు. దోసె చప్పుడు పట్టుకున్నారు. పుంగనూరులో దోసెలు వేసే ప్రతి హోటల్‌కూ ఒక కానిస్టేబుల్‌ను పంపారు. పదకొండు గంటలకు పుంగనూరులో లా అండ్ ఆర్డర్ పూర్తిగా పెనాల చుట్టూ నిలబడి ఉంది. ముద్దుకృష్ణ దొరకలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు మాత్రం మధ్యాహ్నం భోజనం వద్దన్నారు.

11:15కి సైబర్ సెల్ నుంచి ఫోన్. ఏఐ కాదు. మిమిక్రీ కాదు. నూటికి నూరుపాళ్ళూ ఆయన గొంతే.

"అయితే కేసే లేదు రెజీనా," అన్నారు సీఐ. "మనసు విరిగి పోయినాడు. నాలుగు గంటలకు ఎస్పీ గారికి అట్లే రాసి పంపిస్తా."

"నాలుగు దాకా టైమివ్వండి సార్."

"నాలుగూ ఒకటి దాకా మాత్రం ఇవ్వను."

*

11:40కి జీపు పుంగనూరు వైపు కదిలింది. ముందు రెజీనా, ఆమె కాళ్ళ దగ్గర ఫ్లాస్కు. వెనక శరత్ బాబు, దేవేంద్ర, వాళ్ళ మధ్య ఫైలుతో రాజగోపాల్. ఇద్దరు అనుమానితుల్ని ఒకే సీట్లో కూర్చోబెడితే మోకాళ్ళ చోటు కోసమే గొడవ పడతారు. పడ్డారు.

"నేను నోరు మూయిస్తా అన్యా. మనిషిని మాయం చేస్తా అన్లేదు," అన్నాడు దేవేంద్ర. "ముప్పై ఏండ్లుగా ఆయన స్పీచులు ఒకటీ వదలకుండా వింటాండా. మదనపల్లెలో, పుంగనూరులో ఎనక వరసలో కూర్చోని తిట్టుకుంటాండా. నాకంటే ఎక్కువగా ఎవురు విన్యారు చెప్పు."

"నేను," అన్నాడు శరత్ బాబు. రాత్రి నుంచి అందరూ వాణ్ణే చూస్తున్నారు.

రెజీనా వాళ్ళ మాటలు వినడంలేదు. చెవిలో ఇయర్‌ఫోన్. అదే ఇరవై ఆరు సెకన్లు. మళ్ళీ. మళ్ళీ.

పోతాండా. పోతాండా గానీ. కోపం లేదు. కోపం లేదు గానీ.

ప్రతి మాట తోకనూ పట్టుకుని తర్వాతి మాట లేస్తోంది. చేంతాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయి మళ్ళీ తిరిగి వచ్చినట్టు. ఈ పద్ధతి ఆమె ఎక్కడో విన్నది. చాలా చిన్నప్పుడు. చాప మీద కూర్చుని.

పుంగనూరు చేరుతుండగా గుర్తొచ్చింది.

ఆమె నాన్న ప్రభుదాసు మదనపల్లె మిషన్ కాంపౌండులో కన్వెన్షన్లకు అనువాదం చెప్పేవాడు. పరదేశం నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒక ముక్క ఇంగ్లీషులో చెప్పి ఆగేవాడు. నాన్న దాన్ని తెలుగులో చెప్పేవాడు. తర్వాత ఆ దొర తాను చెప్పిన ముక్క చివరనే మళ్ళీ ఒకసారి అని ముందుకు పోయేవాడు. ఎందుకట్లా రెండుసార్లు అంటాడని చిన్న రెజీనా అడిగింది.

"నేను మాట్లాడేంతలో ఆయన దారి తప్పిపోతాడు గదమ్మా," అన్నాడు నాన్న. "యాడ వదిలినాడో ఆడే పట్టుకోవల్ల. ఒంటరిగా మాట్లాడేటోనికి ఆ పని ఉండదు."

రెజీనా వెంటనే రాజేశ్వరమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఆయన ఇంట్లో గానీ సభలో గానీ అన్న మాటే మళ్ళీ అంటాడా?"

"ఆయనకా? కొత్త మాటలకే టైము సాలదు."

"పక్కన ఎవరైనా అనువాదం చెప్పే సభలు ఉండాయా?"

"కుప్పంలో. ఆడ సగం మంది తమిళమోళ్ళు. సుబ్రహ్మణ్యం అయ్యవారు తమిళంలో చెప్తాడు. నేను ఎప్పుడూ పోలేదమ్మా, ఘాట్ రోడ్డులో నాకు కడుపులో తిప్పుతాది."

"శరత్ బాబూ, నువ్వు విన్యావా కుప్పం స్పీచులు?"

"లేదు మేడమ్. ఆయన స్టేజీ ఎక్కితే నేను కారులో పడుకుంటా. ఒకదానికి రెండింతలు టైము పడతాది కదా."

"కుప్పం పోనీ," అంది రెజీనా డ్రైవర్‌తో.

వీకోట ఊరి మొదట్లో కొత్త ఫంక్షన్ హాలు. వాకిట్లో అరటి చెట్లు కట్టారు. నిశ్చితార్థం ఫ్లెక్సీ ఉంది, ఆ రోజు తేదీతోనే. గేటుకు మాత్రం తాళం. మనిషి పురుగు లేదు. కట్టిన అరటాకులు ఎండకు వేలాడిపోయాయి.

"పెండ్లికొడుకు పారిపోయుంటాడు," అన్నాడు రాజగోపాల్.

జీపు ఆ గేటు ముందు నుంచే పోయింది.

*

2:05. కుప్పం.

సుబ్రహ్మణ్యం రిటైర్డ్ టీచరు. డెబ్భై ఏళ్ళు. ఇంట్లో ఒక్కడే పట్టుపంచె కట్టుకుని, గంధం పెట్టుకుని, మహా కోపంగా కూర్చుని ఉన్నాడు.

"యాడికైనా బయల్దేరినారా సార్?"

"బయల్దేరాల్సింది. అక్క మనవరాలి నిశ్చితార్థం, వీకోటలో. నిన్న ఏడున్నరకు హాలాయన ఫోన్ చేసి జనరేటరు కాలిపోయింది, వాయిదా వేసుకోండి అన్యాడు. ఫంక్షను లేదని పంచె కూడా కట్టుకోకూడదా?"

రెజీనా ఫోన్ బల్ల మీద పెట్టింది.

"సార్, ఒక పని చేయల్ల. ఇది ముద్దుకృష్ణ గారి గొంతు. ఆయన పక్కన మైకు ముందర ఉండారనుకోండి. నేను ఆపిన చోటల్లా మీ పని మీరు చేయండి."

ప్లే చేసింది.

"నేను పోతాండా."

ఆపింది.

ముసలాయన చెయ్యి దానంతటదే లేచింది. "నాన్ పోరేన్."

"పోతాండా గానీ, ఎవురి మీదా కోపం లేదు."

"యార్ మేలెయుం కోబం ఇల్లె."

"కోపం లేదు గానీ, మనసు ఇరిగిపోయింది."

"మనసు ఒడంజు పోచ్చు."

సగానికి కోసిన సంభాషణ ఒకటి, రెండో సగం వచ్చి అతుక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. సుబ్రహ్మణ్యం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఇది ఆయన మాట కాదు. ఆయన చదివిన జాబు. ధర లేక ఊరు వదిలిపోయిన ఒక రైతు పెండ్లానికి రాసిపెట్టి పోయినాడు. సోమవారం కోతకు ఎవురూ రావద్దండి అని ఉండాది దాంట్లో. ఈ నెల మూడో తేదీ ఈడ జరిగిన సభలో చదివినాడు."

"మరి ఆ సభకు వచ్చిన జనం ఎవరూ గుర్తుపట్టలేదే?"

"జనం యాడుండారు? మొదట నాన్నూరు మంది. వాన పడింది. అందరూ పోయినారు. ఆయన ఆపలేదు. ఆయన ఆపకుంటే నేనెట్లా ఆపేది? ఇద్దరం ముప్పావుగంట ఖాళీ కుర్చీలకు చెప్పినాం. ఆయన తెలుగులో, నేను తమిళంలో."

రెజీనా ఆడియో చివరి సెకన్లు సౌండు పెంచి పెట్టింది. చిటపట.

"దోసె కాదు," అంది. "షామియానా మీద వాన."

మూడో తేదీ తర్వాత ఆ చుట్టుపక్కల చినుకు పడలేదు.

"ఆ ముప్పావుగంటా అక్కడ ఇంకెవరు ఉండారు సార్?"

"మైకు సెట్టు మురళీధర్. వాడి మిషను తడుస్తాదని దాన్ని వాటేసుకోని కూర్చున్యాడు. వాడి షాపు ఎదురుగానే."

*

2:30. మురళీధర్ వచ్చాడు. నలభై ఏళ్ళు, ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి. శరత్ బాబును, దేవేంద్రను చూసి నమస్కారం పెట్టాడు.

"మూడో తేదీ సభ రికార్డు చేసినావా?"

"లేదు మేడమ్. వానకు మిషను తడిసింది."

"మామూలుగా చేస్తావా?"

"చేస్తా. ఆయనకొక మైకు, అయ్యవారికొక మైకు. దేనికది వేరేగా పడతాది."

"మదనపల్లె, పుంగనూరు సభలకు పోతావా?"

"నా సెట్టు కుప్పం దాటి పోదు మేడమ్. ఆయన స్పీచు నేను ఈడ వినడమే."

"బాగా మాట్లాడతాడా?"

"భలే మాట్లాడతాడు."

"ఎట్లా? ఒక్క ముక్క చెప్పు చూద్దాం."

మురళీధర్ నవ్వాడు. ఛాతీ ముందుకు పెట్టి గొంతు మార్చాడు.

"అన్నలారా, నేను వచ్చినాను. వచ్చినాను గానీ, ఉత్త చేతులతో రాలేదు. ఉత్త చేతులతో రాలేదు గానీ..."

"యాడ మాట్లాడతాడప్పా అట్లా?" దేవేంద్ర లేచాడు. "ముప్పై ఏండ్లుగా వింటాండా. అన్న మాట మళ్ళీ అన్నింది ఒక్కనాడు లేదు. నీళ్ళు తాగేదానికి కూడా ఆపడు మనిషి. ఎవురిని చూసి చెప్తాండావు నువ్వు?"

మురళీధర్ నవ్వు సగంలో ఉండిపోయింది.

రెజీనా నిదానంగా చెప్పింది.

"ఈ ఆడియో శరత్ బాబు చేసుంటే ఆ తోకలన్నీ కత్తిరించి పారేసేవాడు. ఆయన అట్లా మాట్లాడడని వాడికి తెలుసు. దేవేంద్రకు తెలుసు. అయ్యవారు చేసుంటే తన మాట పోయిన సందులు ఆయనకే తెలుస్తాయి. ఒక్కడు మాత్రం, ముద్దుకృష్ణ పుట్టినప్పటి నుంచీ ఇట్లే మాట్లాడతాడని అనుకున్యాడు. ఎందుకంటే ఆ ఒక్కడు ఆయన్ని ఎప్పుడూ అయ్యవారి పక్కనే విన్నాడు. తమిళం మైకు పక్కన పెట్టేసినాడు. ఖాళీలు దగ్గరికి లాగినాడు. కోతకు అనే మాట ఒకటి తీసేసినాడు. తోకలు ముట్టలేదు. బాగుండాయి కదా అనుకున్యాడు."

"నాకేం తెలియదు మేడమ్."

"సార్, వీకోట హాలు ఎవరిది?"

సుబ్రహ్మణ్యం పట్టుపంచె సర్దుకున్నాడు. "వీడిదే. పోయిన ఉగాదికి కట్టినాడు. అంతకు ముందు ఆడ వంక ఉండె."

రెజీనా ఆ తాళాల గుత్తి వైపు చూసింది.

"జనరేటరు కాలింది నిన్న ఏడున్నరకు," అంది రెజీనా. "ముద్దుకృష్ణ ఎవరి కారో ఎక్కింది ఆరూ నలభై తర్వాత. నిశ్చితార్థాన్ని వాయిదా వేసి మరీ ఖాళీగా ఉంచినావంటే ఆ హాల్లో ఏముండాది మురళీ?"

తాళాల గుత్తి కింద పడింది.

"కాగితాలు చూపిస్తా రండి అని తీసుకుపోయినా," అన్నాడు. "ఒప్పుకుంటాడనుకున్యా. ఒప్పుకోలేదు. సోమవారం దాకా అని... పొద్దున ఆయన ఫోను పుంగనూరు తీసుకుపోయి ఆడియో పంపించినా. నీళ్ళు పెట్టినా మేడమ్. రెండు సీసాలు."

"ఇన్సులిన్?"

"అదేంది?"

రెజీనా అప్పటికే జీపు దగ్గరుంది.

*

3:22. జనరేటరు గది. మడిచిన షామియానా గుడ్డల మీద ముద్దుకృష్ణ పక్కకు పడి ఉన్నాడు. పెదాలు పగిలాయి. రెండు సీసాలూ ఖాళీ. గోడ మీద గోళ్ళతో గీకిన గీతలు. లోపల గాలి లేదు, డీజిలు వాసన తప్ప.

108 నర్సు వేలు గుచ్చింది. మీటరు అంకె చూపలేదు. "హై" అని మాత్రం చూపింది. వైర్‌లెస్‌లో డాక్టరు చెప్పినట్టు ఫ్లాస్కులోంచి పెన్ను తీసి పొడిచారు. సెలైన్ ఎక్కించారు. రెజీనా ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంది. పదకొండు నిమిషాలు నాడి లెక్కపెడుతూనే ఉంది.

ముద్దుకృష్ణ కళ్ళు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఒక వాక్యం ఒక్క మాటతో ముగించాడు.

"నీళ్ళు."

3:50కి రెజీనా సీఐ గారికి ఫోన్ చేసింది. ఇంకా పది నిమిషాలు మిగిలాయి.

అయిదో రోజు ఆస్పత్రిలో ముద్దుకృష్ణ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. రాజగోపాల్ రాసుకున్నాడు. పదకొండు పేజీలు, ఒక్క వాక్యం. కానీ మూడో పేజీలో ఒక చోట ఆయన గొంతు తగ్గింది.

శనివారం తెల్లారి బైకుల చప్పుడు వినబడిందట. ఊళ్ళోని మూసిన షెడ్లన్నీ తట్టుకుంటూ వస్తున్నారట కుర్రాళ్ళు. ఎదురుగా ఉన్న రైస్‌మిల్లు తలుపు తట్టారు. తర్వాత ఈ హాలే. ఆయన లేచి గోడ పట్టుకుని అరవబోయాడు, ఎండిపోయిన నోట్లోంచి గాలి తప్ప రాలేదు. అప్పుడు వాళ్ళ ఫోన్లు మోగాయి. ఎవడో "పోలీసులే చెప్పినారంట, పదండి" అన్నాడు. బైకులు తిరిగిపోయాయి. అప్పుడే గోడ గీకాడు ముద్దుకృష్ణ. ఇంకో తొమ్మిది గంటలు.

ఆ పేజీ రాస్తుండగా రాజగోపాల్ పెన్ను రెండుసార్లు ఆగింది.

కేసు పేరు జిల్లా అంతా మోగింది. పోలీసు వార్షిక సంచికకు దీన్ని కథలాగా రాసివ్వమని సీఐ గారు రాజగోపాల్‌కు చెప్పారు. వాడు రాశాడు. రెజీనా మేడమ్‌కు చూపించాడు.

ఆమె ఇంతవరకూ చదివింది. వెనక్కి తిప్పింది. ఒక చోట వేలు పెట్టింది.

"బాగా రాసినావు రాజగోపాలా. ఇదొక్కటి చెప్పు. పోలీసులు కన్ఫర్మ్ చేసినారు అనే మెసేజు ఆరూ పన్నెండుకు వదిలారని రాసినావు."

"అవును మేడమ్."

"సైబర్ సెల్‌కు దొరికిన వాటిల్లో అన్నిటికంటే ముందుది ఆరూ ఇరవై ఆరు. దానికి ముందుది ఎవరికీ దొరకలేదు. ఆరూ పన్నెండని నీకెవరు చెప్పినారు?"

గోడ గడియారం వైపు చూశాడు రాజగోపాల్. అది కూడా సహాయం చేయలేదు.

"రెండో సిమ్ము ఉండాదా నీ దగ్గర?"

ఇంతసేపూ రాజగోపాల్, రాజగోపాల్ అని దూరంగా నిలబెట్టి రాసుకుంటూ వచ్చిన ఆ మనిషిని నేనే. ముద్దుకృష్ణ వాక్యం పుంగనూరులో ముగిసిందన్నది అబద్ధం, పన్నెండు గంటల రికార్డు అబద్ధం, అవన్నీ సరదాకు. ఆ రోజు పొద్దున మంచం మీద పడుకుని ఆ ఆడియో విన్నప్పుడు కూడా నాకు సరదాగానే ఉండింది. ఏటా ఒకసారి అలిగి పోతాడు గదా, ఈసారి పోలీసు ముద్ర వేసి పంపిద్దాం, ఎంతమంది నమ్ముతారో చూద్దాం అనుకున్నాను.

అందరూ నమ్మారు.

"ఉండాది మేడమ్," అన్నాను. "నేనే పంపించినా."

ఆమె కొత్త తెల్లకాగితం నా ముందుకు తోసింది.

"ఇది కూడా నువ్వే రాయి."